మరచిపొమ్మంటే మానని గాయం
(దివిసీమ ఉప్పెన మృతుల స్మారకోపన్యాసం, మచిలీపట్నం)



ఈ స్మారకోపన్యాసం ఏ ఒక్క పెద్దమనిషి పేరిటో పెట్టింది కాదు. 1977 నవంబరు 19, శనివారం నాడు సముద్రం దివిసీమ మీదికి వచ్చినప్పుడు పోయిన అందరి పేరిట పెట్టింది. వాళ్ళలో చాలామందికి సమాధి లేదు, గోడ మీద పటం లేదు. వాళ్ళ గురించి ఏటా నవంబరులో మాట్లాడుకుంటూనే ఉన్నాం, మాట్లాడుకోవాలి కూడా. ఇవాళ నేను మాత్రం మిగిలినవాళ్ళ గురించి మాట్లాడతాను. ఆ సాయంత్రం బతికి బయటపడ్డవాళ్ళు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వాళ్ళలో కొందరికి ఆ సాయంత్రం ఇంకా అయిపోలేదు. అలాంటివాళ్ళకు మానసిక చికిత్స ఏం చెయ్యగలదు, ఎంతవరకు చెయ్యగలదు, దాన్ని వాళ్ళ గడప దాకా తీసుకుపోవాలంటే ఏం కావాలి అన్నదే నా విషయం. నేను ఈ జిల్లాలో పుట్టి, ఈ జిల్లాలోనే మనోవైద్యం చేస్తున్నవాణ్ణి. పుస్తకంలో చదివిందీ, నా గదిలో విన్నదీ కలిపి చెబుతాను.

ఈ తీరానికి ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరు 1 రాత్రి ఈ బందరు పట్నాన్నే సముద్రం ముంచెత్తితే పట్నంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ముప్పై వేల మంది పోయారని ఆనాటి లెక్క. నూట పదమూడేళ్ళ తర్వాత మళ్ళీ నవంబరులోనే దివిసీమ వంతు వచ్చింది. వరి కోతకు వచ్చి ఉంది. పొద్దున్నుంచీ పెరుగుతూ వచ్చిన గాలికి ఇళ్ళ కప్పులు లేచిపోయాయి. ఆ తర్వాత ఐదారు మీటర్ల ఎత్తున నీళ్ళు వచ్చాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, ఎదురుమొండి వంటి ఊళ్ళ మీదుగా పది పదిహేను కిలోమీటర్ల లోపలికి చొచ్చుకుపోయాయి. ప్రభుత్వ లెక్కే పది వేలు దాటింది. జనం లెక్క అంతకంటే ఎక్కువ. బతికినవాళ్ళు ఎలా బతికారో ఈ సభలో చాలామంది ఇళ్ళలో విని ఉంటారు. తాడిచెట్టు మొవ్వు పట్టుకుని కొందరు, తుమ్మకంపల్లో చిక్కుకుని కొందరు, కొట్టుకుపోతున్న ఇంటి కప్పు మీద కొందరు తెల్లవారిందాకా ప్రాణాలు నిలుపుకున్నారు. తెల్లవారాక చూసింది రాత్రి పడ్డదాని కంటే ఘోరం.

ఆ తర్వాత వచ్చిన సాయాన్ని తక్కువ చేసి మాట్లాడితే పాపం. అవనిగడ్డ శాసనసభ్యుడు, అప్పటి మంత్రి అయిన మండలి వెంకటకృష్ణారావు ఆ శవాల మధ్య, ఆ బురదలో తిరిగి, దివిసీమను మళ్ళీ నిలబెట్టడమే పనిగా పెట్టుకున్నారు. ఈ జిల్లా బిడ్డలే అయిన ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. మదర్ థెరెసా వచ్చారు. సర్వోదయులు, నాస్తికులు, క్రైస్తవ సంఘాలు, రామకృష్ణ మిషన్, ఆరెస్సెస్, విద్యార్థులు ఒకే బురదలో పనిచేశారు. పక్కా ఇళ్ళు కట్టారు, పడవలు, వలలు ఇచ్చారు, తుఫాను షెల్టర్లు లేపారు. ఆ పని వృథా కాలేదు. 1990 మే నెలలో అంతటి పెద్ద తుఫానే ఈ తీరానికి వచ్చినప్పుడు లక్షల మందిని ముందుగానే ఖాళీ చేయించారు. మరణాలు వెయ్యి లోపే ఆగాయి. ఒక్క ప్రాణమైనా ఎక్కువే. కానీ పదమూడేళ్ళలో నేర్చుకున్నది ఎంతటిదో ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఇంత చేసిన ఆ సాయంలో మనసుకు పద్దు లేదు. దాన్ని ఎవరి తప్పుగానూ చెప్పడం లేదు. వైద్యశాస్త్రమే అప్పటికి సిద్ధంగా లేదు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల పోరాటం వల్లా, అత్యాచార బాధితుల కోసం పనిచేసిన మహిళల పట్టుదల వల్లా పెద్ద ఆపద తర్వాత మనసులో మానకుండా మిగిలిపోయే గాయానికి పీటీఎస్‌డీ అనే పేరు అమెరికా మనోవైద్యుల గ్రంథంలోకి ఎక్కింది 1980లో. అంటే ఉప్పెన వచ్చిన మూడేళ్ళకు. మన దేశంలో 1981లో బెంగళూరు వీనస్ సర్కస్ డేరా తగలబడి పిల్లలు పోయినప్పుడు ఆ తల్లిదండ్రుల మానసిక స్థితిని అక్కడి మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు పరిశీలించారు. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు తర్వాత అక్కడి మామూలు డాక్టర్లకు మానసిక వైద్యంలో శిక్షణ ఇచ్చారు. ఆ పని చేసినవారిలో ముఖ్యులు ఆర్. శ్రీనివాసమూర్తి గారు. మన దేశంలో విపత్తుల మనోవైద్యం అక్కడ మొదలైంది. దివిసీమ అంతకు ముందే మునిగి, తేలి, తనను తాను సముదాయించుకుని పనిలో పడిపోయింది.

ఆ సముదాయింపులో అందరి నోటా వచ్చిన మాట ఒకటే: "మర్చిపో." జరిగిందేదో జరిగింది, ఉన్న పిల్లల మొహం చూసి బతుకు, పోయినవాళ్ళు తిరిగొస్తారా. అన్నవాళ్ళు ప్రేమతో అన్నారు. చాలామందికి అది సరిపోయింది కూడా. ఇది ముందే స్పష్టంగా చెప్పాలి. పెద్ద ఆపద చూసిన ప్రతివాడూ రోగి కాడు. మొదటి వారాల్లో నిద్ర లేకపోవడం, ఉలిక్కిపడటం, ఏడుపు ఆగకపోవడం, మనసు మొద్దుబారిపోవడం అందరికీ ఉంటాయి. కూడు, గూడు, పని, తనవాళ్ళు దక్కితే నెలల్లోనే చాలామంది తేరుకుంటారు. దివిసీమలో అలా తేరుకున్నవాళ్ళే ఎక్కువ. మళ్ళీ పెళ్ళిళ్ళు జరిగాయి, ఉప్పుదేలిన చేలను మళ్ళీ పంటకు తెచ్చారు. మనిషికి సహజంగా ఉన్న ఈ శక్తిని గౌరవించకుండా మనోవైద్యం మాట్లాడితే అది గర్వం అవుతుంది.

కానీ కొందరికి తగ్గదు. ఒడిశాలో 1999 అక్టోబరు సూపర్ సైక్లోన్ వచ్చిన ఏడాదికి బడిపిల్లలను పరీక్షించిన వైద్యులకు నూటికి ముప్పై మందిలో పీటీఎస్‌డీ కనిపించింది. అలాంటివాళ్ళకు "మర్చిపో" అన్న మాట రెండు విధాల చెరుపు చేస్తుంది. మరచిపోలేకపోవడం తన చేతకానితనమే అనుకుంటారు. ఇక ఆ విషయం ఎవరితోనూ ఎత్తరు. నలభై ఏళ్ళు కాపురం చేసిన భర్తతో కూడా ఎత్తనివాళ్ళను నేను చూశాను.

ఎందుకు తగ్గదు? మామూలు జ్ఞాపకానికి ఒక చోటు, ఒక కాలం ఉంటాయి. గుడివాడలో చదువుకున్న రోజులు తలచుకుంటే అవి అయిపోయిన రోజులని మనకు తెలుస్తూనే ఉంటుంది. ప్రాణభయంలో పడ్డ జ్ఞాపకం అలా కూర్చోదు. భయాన్ని పసిగట్టే మెదడు భాగం ఆ క్షణంలో విపరీతంగా పనిచేస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ, ఎప్పుడు అని వరుస పెట్టే భాగం సరిగా పనిచెయ్యదు. దాంతో వాసన, చప్పుడు, చలి, నోట్లో ఉప్పు రుచి విడివిడిగా, బలంగా నాటుకుపోతాయి. వాటిని కట్టి ఉంచే కథ మాత్రం ఉండదు. అది తేదీ వెయ్యని ఉత్తరం లాంటిది. ఎప్పుడు విప్పినా ఇవాళే రాసినట్టు ఉంటుంది. అందుకే ఈదురుగాలికి తాటాకులు కొట్టుకునే చప్పుడు వింటే డెబ్భై ఏళ్ళ మనిషి ఇరవై ఏళ్ళప్పటిలా వణికిపోతుంది. ఆ వణుకు భరించలేక సముద్రం వైపు వెళ్ళడం మానేస్తుంది. గాలి వీచిన రాత్రి పడుకోవడం మానేస్తుంది. ఆ ఊరి పేరు ఎత్తిన బంధువుల ఇంటికి పోవడం మానేస్తుంది. తప్పుకున్న ప్రతిసారీ ఆ పూటకు ఊరట దొరుకుతుంది. కానీ గాలి గాలే, ఉప్పెన కాదు అని తెలుసుకునే అవకాశం పోతుంది. భయం ఏళ్ళ తరబడి నిలబడేది ఈ తప్పుకోవడం వల్లే.

మన దగ్గర దీన్ని మనోవ్యాధిగా ఎవరూ తీసుకురారు. గుండె దడ, తలపోటు, ఒంట్లో మంటలు, దడుపు జ్వరం అని తీసుకొస్తారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించి, గుండె డాక్టరు దగ్గర ఈసీజీ తీయించి, నిద్రమాత్రలకు అలవాటుపడి, చివరికి మా గడప ఎక్కుతారు.

ఇప్పుడు చికిత్స ఎలా సాగుతుందో ఒకరి ద్వారా చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కొందరివి కలిపి చెబుతున్నాను. కానీ ఇందులో ఉన్న ప్రతి మలుపూ ఒకరిద్దరి జీవితంలోనైనా జరిగిందే.

2013 నవంబరులో హెలెన్ తుఫాను బందరు దగ్గర తీరం దాటింది. మైకు కట్టిన ఆటోలు వీధుల్లో హెచ్చరికలు చెబుతూ తిరిగాయి. ఆ మైకు విన్న దగ్గర్నుంచి ఒక ముసలమ్మ తిండి మానేసింది. మనవరాలు తీసుకొచ్చింది. ఆవిడ ఉప్పెన నాటికి పాతికేళ్ళలోపు ఇల్లాలు. మూడేళ్ళ కొడుకు చేతిలోంచి పోయాడు. శవం దొరకలేదు. తర్వాత ఇంకో ఇద్దరు పిల్లలు పుట్టారు, పెరిగారు, స్థిరపడ్డారు. వాళ్ళ ముందు ఆ బిడ్డ పేరు ఆవిడ ఎన్నడూ అనలేదు. మనవరాలికి అలాంటి మామయ్య ఒకడు ఉండేవాడని ఆ రోజు నా గదిలోనే తెలిసింది.

మొదటి రోజుల్లో ఉప్పెన ఊసు నేను ఎత్తలేదు. నిద్ర, తిండి, మాత్రలు, ఇంట్లో పరిస్థితి మాట్లాడుకున్నాం. ఆవిడ ఒంటికి ఏం జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో చెప్పాను. ఇది పిచ్చి కాదన్న మాట వినగానే ఆవిడ భుజాలు కాస్త దిగాయి. తర్వాత ఒక రోజు నేల మీద కొబ్బరి తాడు పరిచాం. ఇది యుద్ధాల నుంచి, నరమేధాల నుంచి బయటపడ్డవాళ్ళ కోసం జర్మనీలో మాగీ షావర్, ఫ్రాంక్ నాయనర్, థామస్ ఎల్బర్ట్ రూపొందించిన పద్ధతి. నరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ అంటారు. తాడు జీవితం. పుట్టుక ఒక కొస, ఇంకా జరగాల్సింది ఉంది కాబట్టి రెండో కొస చుట్టే ఉంటుంది. మంచి జరిగిన చోట పువ్వు, చెడు జరిగిన చోట రాయి పెట్టాలి.

ఆవిడ బంతిపూలు గబగబా పెట్టింది. పెళ్ళికి ఒకటి, మొదటిసారి మోపిదేవి గుడికి పోయినందుకు ఒకటి, కూతురు పుట్టినందుకు ఒకటి. గులకరాళ్ళ గిన్నె వైపు చూడలేదు. చాలాసేపటికి ఒక రాయి తీసింది, పెట్టేసింది, ఇంకోటి తీసింది. "ఇంత చిన్న రాయా బాబూ" అంది. బయటికి వెళ్ళి కాంపౌండు గోడ పక్కన పడున్న ఇటుక బెడ్డ తెచ్చి తాడు మీద పెట్టింది. ఆ కొడుకు పుట్టిన రోజుకు పువ్వు పెట్టలేదు. నేను అడగలేదు.

తర్వాతి విడతల్లో మొదటి కొస నుంచి వరుసగా చెప్పించాను. ఉప్పెన రోజుకు వచ్చినప్పుడు వేగం బాగా తగ్గించాలి. పొద్దున ఏం వండావు మామ్మా? గాలి ఎటు నుంచి వీచింది? తలుపు ఎవరు మూశారు? నీళ్ళు ఎక్కడిదాకా వచ్చినప్పుడు బిడ్డను ఎత్తుకున్నావు? అప్పుడు ఒంటికి ఎలా ఉంది, ఇప్పుడు చెబుతుంటే ఎలా ఉంది? ఈ "అప్పుడు", "ఇప్పుడు" మధ్య మనిషిని నడిపించడమే వైద్యుడి పని. ఒక చోట ఆవిడ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి కానీ ఎదురుగా ఉన్న నన్ను చూడటం లేదు. ఊపిరి బిగబట్టింది. "మామ్మా, ఇప్పుడు ఎక్కడున్నాం?" "...బందర్లో." "కాళ్ళ కింద ఏముంది?" కాలితో తడిమి చూసింది. "గచ్చు." "తడిగా ఉందా?" "లేదు, పొడిగానే ఉంది." "సరే. అక్కడ నీళ్ళు ఎంతదాకా వచ్చాయో చెప్పు." మళ్ళీ అందుకుంది. భయం ఎక్కుతుంది, కొంతసేపు నిలుస్తుంది, దిగుతుంది. దిగేదాకా ఆపకూడదు. మధ్యలో ఆపి ఇంటికి పంపిస్తే గాయం కెలికి వదిలేసినట్టే. అందుకే ఒక్కో విడతకు గంటన్నర దాకా పడుతుంది.

ఆవిడ గుండెల మీద ఉన్న అసలు బరువు భయం కూడా కాదు. "నా చేత్తో నేనే వదిలేశానయ్యా." ముప్పై ఆరేళ్ళుగా లోపల తిరుగుతున్నది ఆ ఒక్క వాక్యం. పైన చెప్పిన వరుస లేకుండా ఆ వాక్యాన్ని పట్టుకుని "నీ తప్పేం లేదమ్మా" అని వందసార్లు అన్నా లోపలికి దిగదు. ఎవరో ఒకరు అనే ఉంటారు. వరుసగా చెబుతున్నప్పుడు, రెండోసారో మూడోసారో, కప్పు వాసం వచ్చి మోచేతికి తగిలిన సంగతి ఆవిడ నోటంట వచ్చింది. నేను ఏమీ అందించలేదు, అందించకూడదు కూడా. ఆవిడే చీర చెంగు తొలగించి మోచేతి మీద మచ్చ చూసుకుంది. ఆ మచ్చ ఎప్పుడూ ఉన్నదే. దాన్ని ఆ సాయంత్రంలో దాని చోట పెట్టి చూడటం అదే మొదలు. "ఈ చేత్తోనే కదా పట్టుకున్నాను. ఈ చెయ్యి అప్పుడే చచ్చుపడిపోయింది." కాసేపు ఆగి, "ఎంతసేపు పట్టుకున్నానో నాకే తెలీదు" అంది. నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: ఆ నీళ్ళలో, చచ్చుపడిన చేత్తో, నీ కూతురే అలా ఉంటే నువ్వు ఏమంటావు? ఆవిడ చాలాసేపు ఏడ్చింది. అది ఇన్నేళ్ళుగా ఏడుస్తున్న ఏడుపు కాదు. నాకు ఆ తేడా తెలుసు.

చివరి విడతలో తాడు మళ్ళీ పరిచాం. ఈసారి కొడుకు పుట్టిన చోట పువ్వు పెట్టింది. వాడికి రొయ్యల ఇగురు ఇష్టమని, నాన్న వల బాగుచేస్తుంటే ముళ్ళు విప్పేసేవాడని చెప్పింది. ఆ బిడ్డ గురించి చెప్పడానికి పోయిన రోజు తప్ప ఇంకేదీ మిగలదనుకున్న మనిషికి ఆ మూడేళ్ళూ తిరిగి దక్కాయి. శవం దొరకని చావులో కుటుంబం ఎదురుచూపుకూ ఏడుపుకూ మధ్య వేలాడుతుంది. అమెరికాలో పౌలీన్ బాస్ అనే ఆచార్యురాలు దీని మీదే జీవితమంతా పనిచేసింది. మా మామ్మ తన చిన్న కొడుకును పిలిచి అడిగింది, హంసలదీవి సాగరసంగమంలో అన్న పేరు చెప్పి తర్పణం వదలమని. వదిలాడు. అది నేను రాసిచ్చిన మందు కాదు. కానీ ఆ పని చెయ్యాలని అనిపించేదాకా రావడానికి చికిత్స కావాల్సి వచ్చింది.

ఆవిడకు పూర్తిగా నయమైందా? పెద్ద గాలి వీస్తే ఇప్పటికీ మెలకువగానే ఉంటుంది. ఈ తీరంలో గాలి వీస్తే మెలకువగా ఉండటం తెలివైన పనే. నిద్రమాత్రలు మెల్లమెల్లగా తగ్గించి మాన్పించాం. మైకు వినిపిస్తే తిండి మానెయ్యడం లేదు, సంచి సర్దుకుంటోంది. చికిత్స తీసేది జ్ఞాపకాన్ని కాదు, దాని పెత్తనాన్ని.

ఇదొక్కటే పద్ధతి కాదు. జ్ఞాపకాన్నీ, తప్పుకుంటున్న చోట్లనూ క్రమంగా ఎదుర్కొనేలా చేసే పద్ధతిని ఎడ్నా ఫోవా రూపొందించింది. "నా వల్లే" వంటి పాతుకుపోయిన ఆలోచనలను కాగితం మీద పెట్టి పరీక్షించే పద్ధతి ప్యాట్రీషియా రెసిక్‌ది. చూపును అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలపించే ఈఎండీఆర్‌ను 1980ల చివర ఫ్రాన్సిన్ షాపిరో మొదలుపెట్టింది. అందులో కంటి కదలిక పాత్ర ఎంత అన్నదాని మీద వాదాలు ఉన్నాయి, ఫలితం మీద అంతగా లేవు. వీటన్నిటిలో ఉమ్మడి విషయం ఒకటి ఉంది. నమ్మకం కుదిరిన మనిషి ఎదుట, భద్రమైన చోట, ఆ జ్ఞాపకం దగ్గరికి వెళ్ళి తిరిగి రావడం.

ఇంత ఆలస్యంగా చేస్తే ఏం లాభం అని అడిగేవాళ్ళకు రుమేనియా సంగతి చెబుతాను. అక్కడ కమ్యూనిస్టు ప్రభుత్వ జైళ్ళలో మగ్గినవాళ్ళకు, దాదాపు నలభై ఏళ్ళ తర్వాత, ముసలితనంలో, నేను చెప్పిన తాడు పద్ధతిలోనే ఐదు విడతల చికిత్స ఇచ్చి చూశారు. 2007లో ప్రకటించిన ఫలితాల్లో వాళ్ళ పీటీఎస్‌డీ లక్షణాలు బాగా తగ్గాయి. అంతమంది డాక్టర్లు మనకెక్కడ అనేవాళ్ళకు శ్రీలంక సంగతి. 2004 డిసెంబరు సునామీ తర్వాత అక్కడి పిల్లలకు ఆరు విడతల్లో ఈ చికిత్స ఇచ్చింది స్థానికంగా శిక్షణ పొందిన కౌన్సెలర్లే. ఆరు నెలలకు నూటికి 81 మంది పిల్లలు కోలుకున్నారు. పోల్చి చూడటానికి ఇంకో బృందానికి ధ్యానం, ఒళ్ళు సడలించడం నేర్పారు. వాళ్ళలో నూటికి 71 మంది కోలుకున్నారు. ఆ పరిశోధనలో పిల్లలు కొద్దిమందే. రెండు పద్ధతుల మధ్య తేడా కూడా తేల్చి చెప్పగలిగినంత లేదు. నాకు అందులో విలువైనదిగా కనిపించేది పిల్లల భాషే మాట్లాడే, వాళ్ళ ఊరి పక్కనే ఉండే మనిషి ఈ పని చెయ్యగలడన్నది. అదే సునామీ రోజు ఇక్కడ మంగినపూడి బీచిలో పౌర్ణమి స్నానాలకు వచ్చినవాళ్ళు కొట్టుకుపోయారు. ఆ కుటుంబాలు ఈ జిల్లాలోనే ఉన్నాయి.

చెయ్యకూడనివి కూడా చెప్పాలి. ఆపద జరిగిన మర్నాడే అందరినీ కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించి పంపెయ్యడం ఒకప్పుడు గొప్ప సేవ అనుకునేవారు. దానివల్ల మేలు లేదని, కొందరికి కీడు కూడా జరగొచ్చని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దంటోంది. నిద్ర పట్టడానికి మొదటి నెలలో డయాజిపామ్ వంటి మాత్రలు ఇవ్వడాన్నీ వద్దంటోంది. ఆ మొదటి రోజుల్లో కావలసింది వేడి అన్నం, పొడిబట్ట, తప్పిపోయినవాళ్ళ సమాచారం, పక్కన కూర్చునే మనిషి. టీవీ కెమెరా పట్టుకుని "ఆ క్షణంలో మీకేమనిపించింది" అని అడగటం వీటిలో ఏదీ కాదు. పాత్రికేయ మిత్రులు ఈ సభలో ఉన్నారు. చేతులు జోడించి అడుగుతున్నాను, అది మానండి.

ఇంకో సంగతి. ఇల్లు లేనివాడికి, అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డవాడికి, తాగొచ్చి కొట్టే భర్త ఉన్న ఇల్లాలికి నా తాడు, పువ్వులు ఎందుకూ పనికిరావు. ఆర్థిక సమత కోసం, వితంతువుల ఉపాధి కోసం ఈ సీమలో పనిచేసిన కార్యకర్తలు మనసుకు కూడా వైద్యం చేశారని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. చికిత్స ఆ పనికి పక్కన నిలబడాలి. దాని స్థానంలో కాదు.

ఇప్పుడు మన చేతిలో ఏముంది? జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982 నుంచి, జిల్లా కార్యక్రమం 1996 నుంచి ఉన్నాయి. విపత్తుల్లో మానసిక సేవలు ఎలా ఇవ్వాలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2017 చట్టం మానసిక వైద్యాన్ని ప్రతి పౌరుడి హక్కు చేసింది. 2023 సెప్టెంబరులో ఈ బందరులోనే ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. నాగాయలంక నుంచి ఒక ముసలమ్మ బస్సెక్కి బందరు వచ్చి, ఓపీ చీటీ రాయించుకుని, వరుసలో నిలబడి, రద్దీలో రెండు నిమిషాలు చూపించుకుంటే ఆమెకు దొరికేది మాత్ర. గంటన్నర కూర్చుని వినే మనిషి దొరకడు.

అందుకని ఈ వేదిక నుంచి కొన్ని అడుగుతున్నాను. వైద్య కళాశాల మనోవైద్య విభాగం వారానికి ఒక రోజు అవనిగడ్డ ఆసుపత్రిలో కూర్చోవాలి. ఆ రోజు రెండు నిమిషాల ఓపీ కాకుండా విడతల వారీ చికిత్సకే కేటాయించాలి. దివిసీమ మండలాల్లో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఒక నర్సుకు, ఊరికొక ఆశా కార్యకర్తకు బాధ గుర్తించడం, ధైర్యం చెప్పడం, ఎవరిని పైకి పంపాలో తేల్చుకోవడం నేర్పాలి. మత్స్యకార సంఘాల నుంచి ఇద్దరు ముగ్గురు చదువుకున్న ఆడపిల్లలను కౌన్సెలర్లుగా తయారుచెయ్యాలి. ఆ పేటల మాట, ఆ పేటల మౌనం వాళ్ళకే తెలుసు. తుఫాను షెల్టరులో బియ్యం, కిరోసిన్, టార్చిలైట్ల జాబితా ఉంటుంది కదా, ఆ జాబితాలో శిక్షణ పొందిన ఒక మనిషి పేరు కూడా ఉండాలి. వీటికి అయ్యే ఖర్చు ఒక షెల్టరు కట్టే ఖర్చులో చిన్న భాగం.

సభలో ఉన్న మీ ఇళ్ళలో, మీ బంధువుల ఇళ్ళలో, గాలి వీచిన రాత్రి పడుకోని పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళ చేత ఏదీ బలవంతంగా చెప్పించకండి. మరచిపొమ్మనీ అనకండి. "నీకు ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే నేను వింటాను" అని ఒకసారి చెప్పండి. ఆ తర్వాత 14416 నంబరుకు ఫోన్ చెయ్యండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్. పైసా ఖర్చు లేదు, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడతారు.